బిందువుల రాశి నుంచి భవన నక్షా వరకు: లేజర్ కొలతలలో త్రిభుజ జాలకం పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

చందూర్ (నిజామాబాద్ జిల్లా): చారిత్రక కట్టడాల మరమ్మతులకు అంచనాలు తయారు చేయాలంటే ముందుగా ఆ కట్టడం ప్రస్తుత స్థితిని తెలిపే కొలత నక్షాలు అవసరం. టేపు, తూకపు గుండు, నిచ్చెనల సాయంతో రోజుల తరబడి సాగే ఈ పనిని గత రెండు దశాబ్దాలలో లేజర్ స్కానర్లు, డ్రోన్ ఛాయాచిత్రాలు చాలా మేరకు చేపట్టాయి. అయితే ఈ పరికరాలేవీ నక్షాను నేరుగా ఇవ్వవు. అవి ఇచ్చేది కోట్ల సంఖ్యలో బిందువులను మాత్రమే. ఆ బిందువులను ఉపరితలంగా మార్చి, ఆ ఉపరితలాన్ని కోసి గీతలుగా దించినప్పుడే ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ సిద్ధమవుతాయి. ఈ మధ్య దశలో కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి తీసుకునే నిర్ణయాలు నక్షాపై ఎక్కడా కనిపించవు. మార్చవలసిన రాళ్ల సంఖ్య, పూయవలసిన గచ్చు విస్తీర్ణం, చెల్లించవలసిన బిల్లు మొత్తం మాత్రం వాటిపైనే ఆధారపడి ఉంటాయి. నక్షాలను ఆమోదించే అధికారులకు, ఆ పనులను గురించి రాసే పాత్రికేయులకు ఉపయోగపడేందుకు ఈ ప్రక్రియను ఇక్కడ వివరించడమైనది.

వర్ని మండలం నుంచి విడివడి ఏర్పడిన చందూర్ మండలం చుట్టూ ఉన్న ప్రాంతం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి అనువైనది. పూర్వపు నిజామాబాద్ జిల్లా పరిధిలో డిచ్‌పల్లి గుట్టపై శిల్పాలతో నిండిన రామాలయం, బోధన్‌లో స్తంభాల దేవల్ మసీదు, నిజామాబాద్ ఖిల్లా, మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట, బోధన్ శక్కర్‌నగర్‌లో 1930వ దశకంలో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం ఉన్నాయి. చెక్కిన రాయి, సున్నపు గచ్చు, రాతి కట్టుబడి, ఉక్కు యంత్రాలు అనే నాలుగు రకాల ఉపరితలాలు ఇక్కడ ఎదురవుతాయి. ఒకదానికి సరిపోయే పద్ధతి మరొకదానికి సరిపోదు.

స్కానర్ కొలిచేదేమిటి?

నేలపై మూడు కాళ్ల స్టాండుపై నిలిపిన స్కానర్ తన చుట్టూ లేజర్ కిరణాన్ని తిప్పుతూ, అది గోడకు తగిలి తిరిగివచ్చే కాలాన్ని లేదా తరంగంలో వచ్చిన తేడాను బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. దూరంతో పాటు కిరణం వెళ్లిన కోణం కూడా తెలుసు కనుక గోడపై ఆ బిందువు స్థానం మూడు సంఖ్యలుగా నమోదవుతుంది. ఒక్కో స్థానం నుంచి కొన్ని నిమిషాలలోనే కోట్ల బిందువులు సేకరించవచ్చు. వాటన్నిటినీ కలిపి పాయింట్ క్లౌడ్ లేదా బిందు సముదాయం అంటారు. ఈ పరికరాలను తొలి దశలో రూపొందించిన సైరా టెక్నాలజీస్ సంస్థ స్థాపకుడు బెన్ కాసైరా ఇరాక్‌లోని మోసుల్ నగరంలో జన్మించినవారు. ప్రపంచ వారసత్వ కట్టడాలను ఇదే పద్ధతిలో నమోదు చేసేందుకు 2003లో సైఆర్క్ అనే లాభాపేక్ష లేని సంస్థను ప్రారంభించింది కూడా ఆయనే.

కిరణాల మధ్య కోణం స్థిరంగా ఉంటుంది కాబట్టి దూరం రెట్టింపయితే బిందువుల మధ్య ఎడం కూడా రెట్టింపవుతుంది. పది మీటర్ల వద్ద 6 మిల్లీమీటర్ల ఎడంతో పడిన బిందువులు ఇరవై మీటర్ల వద్ద 12 మిల్లీమీటర్ల ఎడంతో పడతాయి. కట్టడం పాదభాగంలో దట్టంగా, శిఖరభాగంలో పలుచగా బిందువులు ఉండటానికి ఇదే కారణం. నున్నగా మెరిసే నల్లరాయి మరో సమస్య. కాకతీయుల కాలపు స్తంభాల వంటి మెరుగుపెట్టిన ఉపరితలంపై కిరణం అద్దంపై పడినట్లు పక్కకు మళ్లిపోతుంది. అక్కడ బిందువులు లోపించడమో, లేని చోట కనిపించడమో జరుగుతుంది. తడి గోడ నుంచి కూడా కిరణం బలహీనంగా తిరిగివస్తుంది కనుక వానాకాలం ఈ పనికి అనుకూలం కాదు. మరోవైపు, అనేక పరికరాలకు తయారీదారులు 40 డిగ్రీల సెల్సియస్‌నే గరిష్ఠ ఉష్ణోగ్రతగా పేర్కొంటారు. నిజామాబాద్ ఎండాకాలంలో పగటివేళ ఆ పరిమితి దాటడం సాధారణం. చలికాలంలో లేదా తెల్లవారుజామున పని పెట్టుకోవడం సౌకర్యం కోసం కాదు, కొలత నాణ్యత కోసమే.

వేర్వేరు స్థానాల నుంచి తీసిన స్కాన్‌లను ఒకే చట్రంలోకి తేవడం తరువాతి పని. ఒక స్కాన్‌ను మరొకదానిపై పేర్చి, దగ్గరి బిందువుల జతలను వెతికి, వాటి మధ్య దూరం తగ్గేవరకు కొద్దికొద్దిగా జరిపే పద్ధతిని 1992లో పాల్ బెస్ల్, నీల్ మెకే వివరించారు. నేటి సాఫ్ట్‌వేర్‌లలో దాని రూపాంతరాలే ఉన్నాయి. పొడవైన ప్రాకారం వెంట ఒకదాని వెనుక ఒకటిగా స్కాన్‌లు కలుపుతూ పోతే చిన్న చిన్న పొరపాట్లు కూడుకొని చివరి మూలలో పెద్దవవుతాయి. అందుకే టోటల్ స్టేషన్‌తో విడిగా కొలిచిన నియంత్రణ బిందువులకు వాటిని కట్టిపెట్టాలి.

టిప్పన్‌లోని త్రిభుజాలే ఇక్కడ కూడా

బిందువులకు విస్తీర్ణం లేదు. ఎంత దట్టంగా ఉన్నా, తెరపై దగ్గరకు వెళ్లి చూస్తే వాటి మధ్య ఖాళీలే కనిపిస్తాయి. గోడను గోడగా చూపడానికి ఆ బిందువులను గీతలతో కలిపి చిన్న చిన్న త్రిభుజాలుగా అల్లాలి. ఈ అల్లికనే మెష్ లేదా త్రిభుజ జాలకం అంటారు. తెలంగాణలో భూముల కొలతలతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్త ఆలోచన కాదు. వంకరటింకర చెలకను త్రిభుజాలుగా విడగొట్టి, గొలుసుతో భుజాలు కొలిచి విస్తీర్ణం తేల్చిన లెక్కలే టిప్పన్‌లలో కనిపిస్తాయి. కొలతదారు ఒక చెలకను కొద్దిపాటి త్రిభుజాలతో సరిపెట్టాడు. కంప్యూటర్ ఒక గోడను కోట్ల త్రిభుజాలుగా చేస్తుంది. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. టిప్పన్‌లో ఏ మూలను ఏ మూలతో కలపాలో పొలంలో నిలబడిన మనిషి నిర్ణయించేవాడు. ఇక్కడ ఆ నిర్ణయం లెక్కల సూత్రానిది.

ఆ సూత్రాలలో ప్రధానంగా రెండు ధోరణులున్నాయి. మొదటిది బిందువులనే మూలలుగా తీసుకొని వాటి మధ్య త్రిభుజాలను అల్లేది. 1999లో ఫౌస్టో బెర్నార్డీని, ఆయన సహచరులు ప్రతిపాదించిన పద్ధతిలో నిర్ణీత వ్యాసార్ధం గల ఊహాజనిత బంతిని బిందువులపై దొర్లిస్తారు. బంతి ఒకేసారి మూడు బిందువులకు ఆనుకుంటే అక్కడ ఒక త్రిభుజం ఏర్పడుతుంది. బిందువుల మధ్య ఎడం బంతి కన్నా ఎక్కువైతే అది లోపలికి జారిపోతుంది. అక్కడ త్రిభుజం ఏర్పడదు, రంధ్రం మిగులుతుంది.

రెండవ ధోరణికి ప్రసిద్ధ ఉదాహరణ 2006లో మైఖేల్ కాజ్దాన్, మాథ్యూ బోలిథో, హ్యూగ్స్ హోప్ ప్రకటించిన పాయిసాన్ పద్ధతి. ప్రతి బిందువు వద్ద ఉపరితలం ఎటు తిరిగి ఉందో తెలిపే దిశను ఆధారం చేసుకొని, వస్తువు లోపలి భాగమేది, వెలుపలి భాగమేది అనే ప్రశ్నకు ఒకే సమీకరణంతో సమాధానం వెతుకుతుంది. లోపలికీ వెలుపలికీ నడుమ ఉన్న హద్దే ఉపరితలం. ఇది కొలతలలోని చిన్న ఒడిదుడుకులను సర్దివేసి నునుపైన రూపాన్ని ఇస్తుంది. ఎక్కడా చిల్లు లేని, నీరు పోసినా కారని పాత్ర వంటి ఉపరితలాన్ని తయారు చేయడం దాని స్వభావం.

చూడటానికి రెండవదే బాగుంటుంది. సమర్పణ సమావేశాలలో అందరి మెప్పు పొందేదీ అదే. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది.

కొలవని చోట పుట్టే గోడ

స్కానర్‌కు కనిపించని చోటు ప్రతి కట్టడంలోనూ ఉంటుంది. చూరు పైభాగం, కార్నిస్ వెనుక, స్తంభానికి గోడకు మధ్య ఇరుకు, చెట్టుకొమ్మ అడ్డుపడిన మూల మొదలైనవి అలాంటివి. అక్కడ బిందువులు లేవు. మొదటి పద్ధతిలో అక్కడ రంధ్రం ఉండిపోతుంది. అది చూసిన ఇంజినీరుకు ఇక్కడ కొలత లేదని వెంటనే తెలుస్తుంది. రెండవ పద్ధతి ఆ ఖాళీని చుట్టుపక్కల ఆకారాన్ని బట్టి నింపివేస్తుంది. నెర్రె విచ్చిన చోటు కావచ్చు, రాయి ఊడిన చోటు కావచ్చు. జాలకంలో మాత్రం నున్నటి గోడే కనిపిస్తుంది. దాని నుంచి దించిన ఎలివేషన్‌లో ఆ గోడ చక్కగా ఉన్నట్లే గీత పడుతుంది. నష్టం ఉన్న చోటే మరమ్మతు అంచనాలోంచి జారిపోయే ప్రమాదం ఇందులో ఉంది.

దీనికి పరిహారం కష్టమైనది కాదు. పాయిసాన్ పద్ధతిలో తయారైన ప్రతి మూలకు దాని చుట్టూ ఎన్ని అసలు బిందువులు ఉన్నాయో తెలిపే సాంద్రత విలువను కూడా పొందవచ్చు. ఆ విలువ తక్కువగా ఉన్న భాగాలను తొలగించవచ్చు, లేదా వేరే రంగులో చూపవచ్చు. నక్షాలో కొలిచిన గీతను అఖండ రేఖగా, ఊహించిన గీతను చుక్కల రేఖగా చూపడం పాత నక్షాగీతకారులకు అలవాటే; కంప్యూటర్ వచ్చాక ఆ అలవాటు సడలింది. కట్టడాల నక్షాల వరకు జాలకంలో రంధ్రాలు ఉండటం లోపం కాదు. రంధ్రాలే లేని జాలకం వచ్చినప్పుడే ప్రశ్నించవలసి ఉంటుంది.

బిందువు వద్ద ఉపరితలం ఎటు తిరిగి ఉందో తెలియాలంటే ఆ బిందువును ఏ స్థానం నుంచి చూశారో తెలియాలి. గోడకు ఈ వైపు నిలబడిన స్కానర్ ఈ వైపు ముఖాన్నే చూడగలదు. స్కాన్‌లన్నిటినీ ఒకే రాశిగా కలిపి ఇచ్చినప్పుడు ఈ సమాచారం చాలాసార్లు పోతుంది. అప్పుడు జాలీల వంటి పలుచని పలకలలో ముందు ముఖం, వెనుక ముఖం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా మారతాయి. ఆ తరువాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడినా విడదీయడం కష్టం.

కుతుబ్ షాహీ సమాధుల అనుభవం

రాష్ట్రంలో లేజర్ స్కానింగ్‌ను పెద్ద ఎత్తున ఉపయోగించిన ఉదాహరణ హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణం. 106 ఎకరాల విస్తీర్ణంలో ఉన్న ఈ ప్రాంగణంలో ప్రభుత్వ పురావస్తు శాఖ భాగస్వామ్యంతో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో పరిరక్షణ పనులు ప్రారంభించింది. కట్టడాల నమోదులో త్రిమితీయ లేజర్ స్కానింగ్‌ను వినియోగించారు. పనులు పూర్తయి 2024 జులైలో ప్రాంగణాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాలలో విశిష్టతా పురస్కారం లభించింది. అదే ఏడాది అదే పురస్కారాలలో పూర్వపు నిజామాబాద్ జిల్లాలోని దోమకొండ కోట కూడా గుర్తింపు పొందింది.

ఇక్కడి గుమ్మటాలు జాలకం పని ఎంత సున్నితమైనదో చూపుతాయి. మహమ్మద్ కులీ కుతుబ్ షా సమాధి ఎత్తు 42 మీటర్లకు పైగా ఉంటుంది. నేలపై నిలిపిన స్కానర్‌కు గుమ్మటం పాదం వద్ద ఉన్న గచ్చు రేకులు కనిపిస్తాయి గాని పైకప్పు వంపు కనిపించదు. కింది భాగంలో దట్టంగాను, పైభాగంలో పలుచగాను, శిఖరం వద్ద శూన్యంగాను బిందువులు ఉన్నప్పుడు నింపుడు పద్ధతి గుమ్మటాన్ని తన ఇష్టం వచ్చినట్లు ముగిస్తుంది. ఇటువంటి చోట సారువ కట్టి పైనుంచి కొలవడమో, డ్రోన్ ఛాయాచిత్రాలతో పైభాగాన్ని పూరించడమో తప్పదు. డ్రోన్ వినియోగానికి 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి.

గత శతాబ్దపు మరమ్మతులలో ఈ సమాధులపై సిమెంటు పూతలు పడ్డాయి. పరిరక్షణలో భాగంగా వాటిని తొలగించి సున్నపు గచ్చు వేశారు. స్కానర్ సిమెంటునూ గచ్చునూ ఒకే ఉపరితలంగా చూస్తుందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఏది అసలు, ఏది తరువాతి పూత అని చెప్పగలిగేది పక్కన నిలబడి గోడను తట్టి చూసే మేస్త్రీ. జాలకం ఆకారాన్ని చెబుతుంది, కాలాన్ని చెప్పదు.

ఎంత సూక్ష్మత చాలు?

ఎక్కువ బిందువులుంటే మంచి నక్షా వస్తుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. లెక్క వేసి చూస్తే అది కొంతవరకే నిజమని తేలుతుంది. 30 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు గల గోడ విస్తీర్ణం 240 చదరపు మీటర్లు. 2 మిల్లీమీటర్ల ఎడంతో బిందువులు తీసుకుంటే చదరపు మీటరుకు రెండున్నర లక్షలు, మొత్తం 6 కోట్లు. 5 మిల్లీమీటర్ల ఎడంతో అయితే 96 లక్షలు, 10 మిల్లీమీటర్లతో 24 లక్షలు. జాలకంలో త్రిభుజాల సంఖ్య మూలల సంఖ్యకు సుమారు రెట్టింపు ఉంటుంది. అంటే మొదటి సందర్భంలో ఒక్క గోడకే 12 కోట్ల త్రిభుజాలు.

నక్షాను 1:50 స్కేలులో గీస్తే కాగితంపై పావు మిల్లీమీటరు మందం ఉన్న గీత నిజమైన గోడపై 12.5 మిల్లీమీటర్లతో సమానం. 5 మిల్లీమీటర్ల జాలకమే ఆ గీత మందంలో ఇమిడిపోతుంది. 2 మిల్లీమీటర్ల జాలకం వల్ల ఫైలు బరువెక్కడం తప్ప నక్షాకు ఒరిగేదేమీ లేదు. అదే డిచ్‌పల్లి ఆలయంలో వలె చెక్కిన పట్టికలను 1:10 స్కేలులో గీయవలసి వస్తే గీత మందం 2.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అప్పుడు 2 మిల్లీమీటర్ల కొలత అవసరమే. సాదా గోడకు ఒక సూక్ష్మత, శిల్పానికి మరో సూక్ష్మత నిర్ణయించుకోవడం సరైన పద్ధతి. టెండరు పత్రంలో ‘అత్యధిక సూక్ష్మత’ అని రాసే బదులు ఏ భాగాన్ని ఏ స్కేలులో గీస్తారో రాస్తే మిగిలినదంతా దానినుంచే తేలుతుంది.

పెద్ద జాలకాన్ని తగ్గించే విధానం కూడా ముఖ్యమే. 1997లో మైఖేల్ గార్లాండ్, పాల్ హెక్‌బర్ట్ ప్రతిపాదించిన పద్ధతి, ఉపరితలం చదునుగా ఉన్న చోట త్రిభుజాలను కలిపివేస్తూ, అంచులు, వంపులు ఉన్న చోట వాటిని నిలబెడుతుంది. చదునైన గోడకు వేల త్రిభుజాలు అక్కరలేదు. గుమ్మం అంచుకు కావాలి. పరిమాణం ఎంతవరకు పోగలదో తెలియడానికి ఒక పాత ఉదాహరణ చాలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం మార్క్ లెవాయ్ నేతృత్వంలో 1999లో ఇటలీలో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని పావు మిల్లీమీటరు సూక్ష్మతతో స్కాన్ చేయగా సుమారు 200 కోట్ల త్రిభుజాలు లెక్కకు వచ్చాయి. అది ఒక్క విగ్రహం.

ఫైలు రూపం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. త్రిమితీయ ముద్రణకు వాడే ఎస్‌టీఎల్ ఫైలు ప్రతి త్రిభుజానికి 50 బైట్లు తీసుకుంటుంది. ఒకే మూలను పంచుకునే త్రిభుజాలన్నిటా ఆ మూలను మళ్లీ మళ్లీ రాయడం దీనికి కారణం. పై ఉదాహరణలోని 12 కోట్ల త్రిభుజాలకు అది 600 కోట్ల బైట్లు. మూలలను ఒక్కసారే రాసే పీఎల్‌వై రూపంలో ఇది సగం కన్నా తగ్గుతుంది, రంగు సమాచారం కూడా నిలుస్తుంది.

78వ రేఖాంశం తెచ్చే చిక్కు

బోధన్ ప్రాంతంలో ఎదురయ్యే ఒక ఇబ్బందిని ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. భూమిపై స్థానాలను మీటర్లలో తెలిపేందుకు వాడే యూటీఎం విధానంలో ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పు గల మండలాలుగా విభజించారు. 43వ, 44వ మండలాల హద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. బోధన్ దానికి పడమటన ఉంది, నిజామాబాద్ పట్టణం తూర్పున ఉంది. హద్దు ఈ రెండు ఊళ్ల నడుమ సాగుతుంది. బోధన్‌లో ఒక కట్టడానికి తూర్పు కొలత 8 లక్షల మీటర్లకు పైగా వస్తే, నిజామాబాద్‌లోని కట్టడానికి 2 లక్షల మీటర్ల లోపే వస్తుంది. మండలం సంఖ్య రాయకుండా ఫైళ్లు అందజేస్తే పక్కపక్క ఊళ్ల కట్టడాలు పటంపై ఆరు వందల కిలోమీటర్లకు పైగా ఎడమవుతాయి. ఈ పొరపాటు పెద్దది కనుక వెంటనే పట్టుబడుతుంది. చిన్న పొరపాటే ప్రమాదకరం.

గుండ్రని భూమిని చదునైన పటంపై పరచినప్పుడు దూరాలు కొంత మారతాయి. మండలం నడిమి రేఖపై పటంలోని దూరం అసలు దూరం కన్నా పదివేలకు నాలుగు వంతులు తక్కువ. అంచుకు వెళ్లేకొద్దీ అది పెరుగుతూ పోయి, ఈ అక్షాంశంలో అంచు వద్ద పదివేలకు ఎనిమిది వంతులకు పైగా ఎక్కువవుతుంది. అంటే 30 మీటర్ల గోడ యూటీఎం కొలతలలో దాదాపు 25 మిల్లీమీటర్లు పొడవుగా కనిపిస్తుంది. 1:50 నక్షాలో అది రెండు గీతల మందం. రోడ్డు పటానికి ఇది లెక్కలోకి రాదు. రాతికి రాయి సరిపోవలసిన చోట తప్పక వస్తుంది. ఆ నక్షాను నమ్మి చెక్కించిన రాళ్లు వరుస చివరకు వచ్చేసరికి ఇమడవు. అందువల్ల కట్టడం నక్షాను దాని సొంత స్థానిక కొలతల చట్రంలోనే తయారు చేసి, యూటీఎం స్థానాన్ని విడిగా నమోదు చేయాలి.

మరో చిక్కు కంప్యూటర్ సంఖ్యలకు సంబంధించినది. ఈ ప్రాంతపు ఉత్తర కొలత 20 లక్షల మీటర్లకు కొంచెం పైన ఉంటుంది. జాలకం తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లు అనేకం స్థానాలను 32 బిట్ల సంఖ్యలుగా దాచుకుంటాయి. అంత పెద్ద సంఖ్య వద్ద ఆ రూపంలో దాచగలిగే కనిష్ఠ తేడా 12.5 సెంటీమీటర్లు. మిల్లీమీటర్ల సూక్ష్మతతో కొలిచిన గోడ, ఫైలును తెరవగానే జానెడు మెట్ల వరుసలా కనిపిస్తుంది. దీన్ని చూసి స్కానర్ చెడిపోయిందని అనుకున్నవారు లేకపోలేదు. ప్రతి కొలత నుంచి ఒక స్థిర సంఖ్యను ముందే తీసివేసి, ఆ సంఖ్యను రాసిపెట్టుకుంటే సమస్య తీరుతుంది. ఉచితంగా లభించే క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేర్ ఇటువంటి ఫైలును తెరిచేటప్పుడు ఈ సవరణను తానే సూచిస్తుంది.

జాలకం నుంచి గీతకు

జాలకం సిద్ధమైన తరువాత నక్షా దించడం సూత్రరీత్యా సులువు. నేలకు ఒక మీటరు ఎత్తున ఊహాజనిత తలంతో కోస్తే, ఆ తలం ప్రతి త్రిభుజాన్ని ఒక చిన్న గీతగా ఖండిస్తుంది. ఆ గీతలను వరుసగా కలిపితే ప్లాన్ వస్తుంది. నిలువుగా కోస్తే సెక్షన్. జాలకంపై ఛాయాచిత్రాలను పరచి ఎదురుగా, దూరపు దగ్గరపు తేడా లేకుండా చూస్తే కొలతకు నిలిచే చిత్రం వస్తుంది. దానిపై రాళ్ల సందులను గీసుకోవచ్చు. జాలకం లేకుండా బిందువులనే కోయాలంటే సెంటీమీటరో రెండు సెంటీమీటర్లో మందం గల పొరను తీసుకొని, అందులోని చుక్కల మధ్య గీత ఎక్కడిదో కంటితో ఊహించుకోవాలి.

అలా వచ్చిన గీత వణుకుతూ ఉంటుంది. దాన్ని సాఫీ చేయాలన్న ఆరాటం నక్షాగీతకారుడికి సహజం. గోడ నిజంగా ఒరిగి ఉందా, కొలతలో ఒడిదుడుకా అన్నది తేల్చకుండా సాఫీ చేస్తే ఒరిగిన గోడ నక్షాలో నిటారుగా నిలబడుతుంది. నిర్మాణ ఇంజినీరుకు కావలసిన ప్రధాన సమాచారం ఆ ఒరుగుదలే. సందేహం ఉన్న చోట అక్కడికక్కడే తూకపు గుండు వేలాడదీసి చూడటం ఇప్పటికీ అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష.

చక్కెర కర్మాగారాల వంటి చోట జాలకమే సరైన మార్గం కాకపోవచ్చు. 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ కర్మాగారం వంటి ప్రాంగణాలలో గొట్టాలు, దూలాలు, పొగగొట్టాలు, ఆవిరి పాత్రలు ఉంటాయి. ఉక్కు దూలపు పదునైన అంచును నునుపు చేసే పద్ధతులు గుండ్రం చేసివేస్తాయి. సన్నని గొట్టాలు తెగిపోతాయి. అక్కడ బిందువులకు స్థూపాలను, చదును పలకలను సరిపెట్టి నేరుగా నమూనా తయారు చేయడం మేలు. తుప్పు పట్టి రూపం మారిన భాగాలకు మాత్రం జాలకమే నిజాన్ని చూపుతుంది.

విప్పిన రాళ్లు, కాలిన కప్పు

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం నక్షాల విలువను తెలుగువారికి చూపిన ఉదంతం. ఒరిగిన ఈ మండపాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2006లో రాళ్లకు అంకెలు వేసి విప్పింది. పునర్నిర్మాణం పూర్తయి 2024 మార్చి 8న అది ప్రజలకు తెరుచుకుంది. 132 స్తంభాల మండపం రాళ్లు ఇన్నేళ్లు కుప్పలుగా ఉన్నప్పుడు, ఏ రాయి ఏ వరుసలోదో చెప్పగలిగేది అంకె, నక్షా మాత్రమే. ఈనాడు అటువంటి పని చేపడితే విప్పే ముందు ప్రతి రాయినీ దాని స్థానంలో, విప్పిన తరువాత దాని ఆరు ముఖాలనూ విడిగా జాలకంగా నమోదు చేసుకోవచ్చు. కట్టులో దాగిన ముఖాలు ఏ స్కానర్‌కూ కనిపించవు. వాటిని కొలిచే అవకాశం విప్పిన రోజునే వస్తుంది.

పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చిని కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ టాలన్ 2010 ప్రాంతంలో యాభైకి పైగా స్థానాల నుంచి స్కాన్ చేసి వంద కోట్లకు పైగా బిందువులు సేకరించారు. ఆయన 2018లో మరణించారు. 2019 ఏప్రిల్ 15న చర్చి కప్పు దగ్ధమైంది. 2024 డిసెంబరులో తిరిగి తెరిచిన చర్చి పునర్నిర్మాణంలో, కప్పు కింది దూలాల విషయంలో 2014లో రెమీ ఫ్రోమోన్, సెడ్రిక్ ట్రాంటెసో అనే వాస్తుశిల్పులు తీసిన కొలత నక్షాలు విశేషంగా ఉపకరించాయి. బిందువుల రాశి, మనిషి గీసిన నక్షా రెండూ అక్కడ ఒకదానికొకటి తోడయ్యాయి.

తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చిన తరువాత రక్షిత కట్టడాలపై చేపట్టే పనులకు దస్తావేజుల ప్రాముఖ్యం పెరిగింది. పనిని అప్పగించే శాఖలు నక్షాలతో పాటు విడివిడి స్కాన్‌లను వాటి స్థానాల వివరాలతో సహా ఈ57 రూపంలో స్వీకరించడం అవసరం. తయారీదారు ఎవరైనా అన్ని పరికరాలకు సరిపోయేలా 2011లో ప్రమాణంగా వెలువడిన రూపం ఇది. ఒక్క సంస్థ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ఫైలు పదేళ్ల తరువాత తెరుచుకుంటుందన్న హామీ లేదు. రంధ్రాలు నింపక ముందటి జాలకం, నింపిన తరువాతి జాలకం రెండూ తీసుకోవాలి. స్కాన్‌లు కలిపినప్పుడు మిగిలిన పొరపాటు ఎంతో తెలిపే నివేదిక, తీసివేసిన స్థిర సంఖ్య, యూటీఎం మండలం సంఖ్య ఒక కాగితంపై రాయించుకొని ఫైలులో చేర్చాలి. నక్షాను ఆమోదించే ముందు కట్టడం వద్దకు వెళ్లి, కట్టడానికి ఆ చివర ఈ చివర ఉన్న రెండు గుమ్మాల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి నక్షాతో సరిచూసి, ఆ కొలతను కొలతల పుస్తకంలో తేదీతో నమోదు చేయడానికి అరగంట చాలు.